ఫాసిట్ చెప్పిన దోమల లెక్క

నేను ఫాసిట్ లెక్కల మిషన్ని. పుట్టిల్లు స్వీడన్, అత్తారిల్లు కృష్ణా డెల్టాలో ఒక వరి పరిశోధన కేంద్రం. నాకు కరెంటు అక్కర్లేదు. పక్కనున్న పిడిని ముందుకు తిప్పితే కూడతాను, వెనక్కి తిప్పితే తీసేస్తాను. ఉన్నదానికన్నా ఎక్కువ తీయబోతే గంట కొడతాను.

వరి దోమ మందుల ట్రయల్ అంకెలు నా దగ్గరికే వచ్చేవి. మందు కొట్టని మడుల్లో దుబ్బుకు 64, 81, 100, 81 దోమలనుకోండి. మంచి మందు కొట్టినచోట 1, 4, 9, 4. (చెప్పడానికి వీలైన అంకెలు ఏరాను. నిజం మడులు ఇంత మర్యాదగా ఉండవు.) మొదటివాటి వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత) 216, రెండోవాటిది 11. గణాంకవేత్త ఫిషర్ నేర్పిన విశ్లేషణ అన్ని మడుల్లోనూ హెచ్చుతగ్గులు ఒకేలా ఉంటాయని నమ్మి, అన్నిటినీ ఒకే ఎర్రర్‌లో కలిపేస్తుంది. దాంతో మందు కొట్టని మడుల గోలంతా చేరి సి.డి. (తేడా నిజమనడానికి కావలసిన కనీస అంతరం) ఉబ్బిపోతుంది. రెండు మంచి మందుల మధ్య నిజంగా తేడా ఉన్నా టేబుల్లో ‘ఎన్.ఎస్.’ (చెప్పుకోదగ్గ తేడా లేదు) అని పడుతుంది. అలాంటి తప్పుకు నేను గంట కొట్టలేను.

“ముందు మూలాలు తియ్యవయ్యా” అనేవారు స్టాటిస్టిక్స్ సారు. పురుగుల లెక్కల్లో సగటు పెరిగినకొద్దీ హెచ్చుతగ్గులూ పెరుగుతాయి. వర్గమూలం తీస్తే సర్దుకుంటాయని 1936లోనే బార్ట్‌లెట్ రాశాడు. వర్గమూలానికి నాలో మీట లేదు. 1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యలు వరసగా తీసేయడమే ఉపాయం. 64లోంచి ఎనిమిదిసార్లు తీస్తే ఖాళీ, తొమ్మిదోసారి గంట. మూలం 8. అలా పై అంకెలు 8, 9, 10, 9గా, 1, 2, 3, 2గా మారతాయి. ఇప్పుడు రెండింటి వేరియన్సూ 0.67! దోమే లేని మడులుంటే ముందు అన్నిటికీ అర కలిపేవారు.

రెండు వంగడాల దిగుబడి పోల్చేటప్పుడు సంగతి వేరు. తక్కువ మడులున్న వంగడానికే హెచ్చుతగ్గులు ఎక్కువైతే, రెండిటి వేరియన్సునూ కలిపేసే పాత టి టెస్టు లేని తేడాను ఉన్నట్టు చూపగలదు. 1947లో వెల్చ్ ఎవరి వేరియన్స్ వారికే ఉంచి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తగ్గించాడు. అవి భిన్నాల్లో వస్తాయని పిడి తిప్పేవాళ్లు విసుక్కునేవారు. ఇప్పుడు ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అడక్కపోయినా వచ్చేది వెల్చ్ టెస్టే. వేరియన్స్‌లు సమానమా కాదా అని ముందు ఇంకో టెస్టు పెట్టడం నాకు నచ్చదు. నాలుగేసి మడులతో దానికేం తెలుస్తుంది?

మూలాలతో ఫలితం తేల్చినవాళ్లకు ఒక మనవి: రిపోర్టులో పక్కనే దోమల సగటు కూడా వెయ్యండి. రైతు చూసేది దుబ్బు మీద దోమల్ని, వాటి వర్గమూలాల్ని కాదు.