హాఫ్ క్లచ్ ఆసామి

క్లచ్ స్లిప్ అవుతోందని మెకానిక్ అనగానే హాఫ్ క్లచ్ ఆసామి ముందు కార్ల కంపెనీని తిడతాడు, తర్వాత రోడ్లని, ఆ తర్వాత పండక్కొచ్చి ఓ పూట బండి తీసుకెళ్లిన బావమరిదిని. తన ఎడమకాలిని మాత్రం చస్తే అనుమానించడు. నన్నడిగితే, ఈ జబ్బు తెలియాలంటే బానెట్ ఎత్తేకంటే ఆ కాలు ఎక్కడుందో చూడటం మేలు. అది ఎప్పుడూ పెడల్ మీదే ఉంటుంది. ‘అబ్బే, ఊరికే ఆన్చానండీ’ అంటాడు. ఊరికే ఆన్చినా చాలు, ప్రెషర్ ప్లేటు పట్టు సడలి, ఫ్లైవీలుకీ క్లచ్ ప్లేటుకీ మధ్య రాపిడి మొదలవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే అందరూ బ్రేకు తొక్కుతారు. ఈయన సగం క్లచ్, కాస్త యాక్సిలేటర్‌తో బండిని ముందుకీ పోకుండా, వెనక్కీ జారకుండా నిలబెట్టి, ‘చూశావా కంట్రోలు’ అన్నట్టు భార్య వైపు చూస్తాడు. ఆవిడ ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. కింద ప్లేటు కాలుతూ ఉంటుంది.

చదును రోడ్డు మీద మొదట్లో ఏమీ బయటపడదు. కుటుంబాన్నంతా ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాన్లతో, తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. యాక్సిలేటర్ తొక్కితే ఆర్పీఎం ముల్లు ఎగిరి కూర్చుంటుంది, స్పీడు ముల్లు కదలదు. మాడు వాసన వస్తే ఆసామి అద్దం ఎక్కించి, ‘ముందు బస్సు బ్రేకులు కాలుతున్నాయి’ అని తేల్చేస్తాడు. కొండ ఎక్కుతున్న బస్సుకి బ్రేకులతో పనేమిటని కారులో ఎవరూ అడగరు. వెనక సీటు మావయ్య డీజిల్ ఫిల్టరంటాడు. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజినే లేవదు కదా, ఇక్కడ ఇంజిన్ గోల పెడుతుంటే చక్రాలే పట్టించుకోవడం లేదు. గేర్లు పడకుండా కిర్రుమంటే అది ఇంకో జబ్బు, అక్కడ క్లచ్ వదలదు, ఇక్కడ పట్టదు. అనుమానం తీరాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై మీద వెళుతూ ఒక్కసారి యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి చూడాలి. ముల్లు ముందు లేచి స్పీడు వెనకబడితే ఇక వాదన అక్కర్లేదు.

మరి జాగ్రత్తగా నడిపేవాడి ప్లేటు అరగదా? ఎందుకరగదు, అది అరగడానికే చేసిన వస్తువు. క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు కారి ప్లేటుకి ఆయిల్ అంటినా జారుతుంది. కేబుల్ మరీ బిగిసి పెడల్‌కి ప్లే లేకపోయినా అంతే, కాలు పెట్టకపోయినా పెట్టినట్టే. అందుకే తెలిసిన మెకానిక్ గేర్‌బాక్స్ దించే ముందు కేబుల్ చూస్తాడు. ఆ మేరకు ఆసామికి సంశయలాభం ఇవ్వాల్సిందే. కానీ కొత్త క్లచ్ సెట్ వేసి ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే వాసన వస్తే, సీలు పొడిగా ఉండి కేబుల్‌కి ప్లే కూడా సరిపడా ఉంటే, ఇంకెవర్ని పట్టుకోవాలి? ‘ఈ ట్రాఫిక్‌లో ఎవడైనా ఇంతే’ అంటాడు. అదే ట్రాఫిక్‌లో సొంత బండి నడుపుకునే క్యాబ్ డ్రైవర్ సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు పక్కన పెట్టుకుంటాడు, బిల్లు కట్టేది తనేనని తెలుసు గనక. ఆసామీ బిల్లు కడతాడు, కాకపోతే అది బావమరిది ఖాతాలో రాసుకుంటాడు. బండి అప్పగిస్తూ మెకానిక్, ‘కాలు తీసి నడపండి సార్’ అంటాడు. ‘పెడల్ భలే మెత్తగా ఉందోయ్’ అని మెచ్చుకుంటాడాయన, కాలు దాని మీదే ఉంచి.