ముక్కకో వయసు

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో 18 నిండిన కుర్రవాడు లైసెన్సున్న దుకాణానికి వెళ్లి, నేరచరిత్ర తనిఖీ గట్టెక్కి, నిక్షేపంలాంటి రైఫిల్ భుజాన వేసుకుని రావచ్చు. అదే కుర్రవాడు అదే కౌంటరు దగ్గర నిలబడి ఆ రైఫిల్లోని రిసీవరు ఒక్కటే, అంటే గొట్టమూ ట్రిగ్గరూ బిగించని ఉత్త లోహపు డొల్ల, విడిగా ఇమ్మన్నాడనుకోండి. ‘‘నీకింకా వయసు చాలదు నాయనా, 21 నిండాక రా’’ అనాలి దుకాణదారు. అనకపోతే ఆయన లైసెన్సుకే ముప్పు. పేలే తుపాకీ అడిగినవాడు బాధ్యతగల పౌరుడు. పేలని ముక్క అడిగినవాడు పసివాడు.

ఇదంతా 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం చలవ. కెనెడీ సోదరులిద్దరినీ, మార్టిన్ లూథర్ కింగ్‌నూ తుపాకీ మింగేశాక తీరిగ్గా వచ్చిన చట్టమది. దుకాణంలో రైఫిల్‌కూ షాట్‌గన్‌కూ 18, ఆ రెండూ కాని తుపాకీకి 21 అని గీత గీసింది. రిసీవరును కూడా తుపాకీయే అంది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అది రైఫిలూ కాదు, షాట్‌గన్నూ కాదు. అందుకని దానికి పిస్తోలు హోదా దక్కింది.

మరి మిగతా ముక్కల మాటేమిటి? గొట్టం, ట్రిగ్గర్, స్ప్రింగులు, మడమ, మ్యాగజైన్... సైలెన్సర్ లాంటి ఒకటి రెండు తీసేస్తే, ఇవన్నీ ఫెడరల్ చట్టం కంటికి ఇనప సామాను. వీటికి వయసు లేదు, తనిఖీ లేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పగ్గాలు బిగించుకున్నాయి గానీ, ఆరో తరగతి పిల్లాడి పేరున గొట్టం పార్సిల్లో వచ్చినా వాషింగ్టన్‌కు పట్టింపు లేదు.

వెనకటికి నాగసేనుడనే బౌద్ధ భిక్షువు మిళింద రాజును ఇలాంటి చోటే నిలదీశాడు. రాజా, నువ్వెక్కి వచ్చిన రథమేది? ఇరుసా, చక్రాలా, కాడా? పాపం ఆ రాజు దేనికదే కాదంటూ పోయి, చివరికి ఆ ముక్కలన్నిటినీ ఆనుకుని వాడుకునే పేరే రథమని ఒప్పుకున్నాడు. అక్కడ అమెరికా కాంగ్రెస్ ఉండుంటే అంత తత్వచర్చ జరిగేదే కాదు. ‘‘రథమంటే తొట్టి. దాని మీద నంబరు కొట్టాం. చక్రాలూ కాడీ ఎవరికైనా అమ్ముకోండి’’ అని బిల్లు నెగ్గించుకుని భోజనాలకు లేచేది.

ఒక్క ముక్కే తుపాకీ అని తేల్చాక, వ్యాపారి ఊరుకుంటాడా? ఆ ముక్కకు కాస్త పని మిగిల్చి, ‘80 శాతం’ అని ముద్దుపేరు పెట్టి కిట్లు అమ్మాడు. 80 శాతం తుపాకీ అప్పటి చట్టం లెక్కలో సున్నా శాతం. నంబరు లేదు, తనిఖీ లేదు, పుట్టిన తేదీ అడిగే నాథుడు లేడు.

2019 నవంబర్ 14న కాలిఫోర్నియాలోని సాగస్ హైస్కూల్లో ఒక విద్యార్థి తన పదహారో పుట్టినరోజునే ఇద్దరు తోటి పిల్లల్ని చంపి, తననూ కాల్చుకున్నాడు. అతని చేతిలో ఉన్నది కిట్ నుంచి పుట్టిన, నంబరు లేని పిస్తోలు. సరిగ్గా మరుసటి నెలలో కాంగ్రెస్ ఒక వయోపరిమితిని 18 నుంచి 21కి పెంచింది. సిగరెట్లకు.

2022లో తుపాకుల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ సంస్థ, ఇలాంటి కిట్లను కూడా తుపాకులుగానే లెక్కేస్తామంది. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2024 అక్టోబర్ 8న సుప్రీంకోర్టులో జస్టిస్ అలిటోకు ధర్మసందేహం వచ్చింది: బల్ల మీద గుడ్లు, తరిగిన మాంసం, క్యాప్సికం, ఉల్లిపాయలు పెడితే అది ఆమ్లెట్టా? జస్టిస్ బారెట్ అందుకుని, ఇంటికి తెప్పించుకునే టర్కీ చిల్లీ కిట్ సంగతేమిటన్నారు. ఆ మహామహులు వంటింట్లోంచి బయటికి రావడానికి ఐదున్నర నెలలు పట్టింది. 2025 మార్చి 26న 7–2 తేడాతో తీర్పు వచ్చింది: కొన్ని కిట్లయినా తుపాకులే. అలిటో గారికి అప్పటికీ ఆమ్లెట్ కనబడలేదు. థామస్ గారిలాగే ఆయనా అసమ్మతి రాశారు. అలాంటి ఒక కిట్ మొహం అంతకు మునుపు చూడని మనిషి, మామూలు పనిముట్లతో, 21 నిమిషాల్లో తుపాకీ తయారుచేశాడని జస్టిస్ గోర్సచ్ తీర్పులోనే రాశారు. కొనేవాడికి 21 ఏళ్లు నిండాలని చట్టం అంతకాలం కాపలా కాసిన తేడా ఈ 21 నిమిషాల పనే!

అది కిట్ల ముచ్చట. గొట్టమూ ట్రిగ్గరూ ఇప్పటికీ ఇనప సామానే. మన 1959 ఆయుధాల చట్టం భాగాలను కూడా ఆయుధాలుగానే లెక్కేసింది. అలాగని మన దగ్గర నాటు తుపాకులు లేవని కాదు. దొంగచాటుగా చేస్తున్నామన్న సిగ్గు మాత్రం చేసేవాడికి మిగిల్చింది. అక్కడ ఆ సిగ్గుకూ అవసరం లేదు.

విరిగిన స్ప్రింగు మార్చుకునే వేటగాణ్ణి వయసు అడిగి వేధిస్తారా అని తుపాకీ ప్రియులు నొచ్చుకుంటారు. నిజమే, చాలా బాధాకరం. చాలా రాష్ట్రాల్లో కొన్ని రకాల దగ్గు మందు కొనే కుర్రవాడు మాత్రం 18 నిండినట్టు రుజువు చూపాలి. దగ్గు అంత ప్రమాదకరం మరి.

కాబట్టి అమెరికాలోని మన తెలుగు తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు బడిలో లాక్‌డౌన్ డ్రిల్ పేరిట తలుపు వెనక నక్కడం ఎలాగూ నేర్చుకుంటున్నారు, దాని గురించి బెంగపడకండి. వాళ్లకు బొమ్మ తుపాకీ కొనేటప్పుడు మాత్రం దాని మూతికి నారింజ రంగు మూతో, చట్టం ఒప్పే మరో గుర్తో ఉందా అని రెండుసార్లు చూసుకోండి. గుర్తు లేని బొమ్మను అమ్మకానికి పంపడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. పిల్లల విషయంలో ప్రభుత్వం అస్సలు రాజీపడదు.