అష్టకోణపు కప్పు కింద

టోక్యో నడిబొడ్డున, చక్రవర్తి కోటను ఆనుకునే ఉన్న కితానొమారు పార్కులో ఉంటాను. పేరు నిప్పోన్ బుడోకాన్. కుదాన్‌షితా స్టేషన్‌లో దిగి, కందకం దాటి, పాతకాలపు తయాసు ద్వారంలోంచి వస్తే చెట్ల మీదుగా ముందు నా కప్పే కనిపిస్తుంది. నారా దగ్గర హోర్యూజి ఆలయంలో ఎనిమిది పలకల మండపం ఒకటుంది. వాస్తుశిల్పి మమోరు యమదా దాన్ని చూసే నాకీ రూపమిచ్చాడు. వాలు మాత్రం ఫుజి కొండది. శిఖరాన ఉన్న బంగారు కలశాన్ని ఇక్కడివాళ్లు ముద్దుగా ఉల్లిపాయ అంటారు.

1964 ఒలింపిక్స్ కోసం నన్ను ఏడాదిలోపే కట్టేశారు. జూడో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది ఆ ఏడాదే. జపాన్‌లో పుట్టిన విద్య, జపాన్‌లోనే పోటీ. నాలుగు స్వర్ణాలూ ఇంట్లోనే ఉండాలని జనం ఆశ. మూడు వచ్చాయి. నాలుగోది బరువుతో నిమిత్తం లేని ఓపెన్ విభాగం. అక్టోబర్ 23న ఫైనల్లో అకియో కమినాగాకు ఎదురుగా నిలిచినవాడు నెదర్లాండ్స్ మల్లుడు ఆంటన్ గీసింక్, ఆరున్నర అడుగుల మనిషి. కమినాగాను చాప మీద పడేసి, మెడనూ చేతినీ కలిపి బిగించి అదిమిపట్టాడు. పట్టు 30 సెకన్లు సడలకపోతే గెలుపే. నా గోడల మధ్య అంతమంది ఊపిరి బిగబట్టడం అదే మొదటిసారి. పట్టు సడలలేదు.

సంబరం ఆపుకోలేక డచ్ అభిమానులు చాప మీదికి దూసుకొచ్చారు. గీసింక్ వెంటనే చెయ్యెత్తి వాళ్లను ఆగమన్నాడు. ఓడినవాడు ఇంకా అక్కడే ఉన్నాడు, ఒకరికొకరు వంగి నమస్కరించుకోవడం ఇంకా మిగిలే ఉంది. అది కానిదే జూడోలో పోటీ ముగియదు. నన్ను ఎందుకు కట్టారో నాకు తెలియజెప్పింది ఆ పరాయిదేశపు మనిషి చెయ్యే.

రెండేళ్లు తిరక్కుండానే బీటిల్స్ వచ్చారు. యుద్ధవిద్యల మందిరంలో గిటార్లా అని జాతీయవాదులు వీధుల్లో నిరసనకు దిగారు. వేలమంది పోలీసులు కాపలా. 1966 జూన్ 30 నుంచి మూడు రోజుల్లో ఐదు కచేరీలు, ఒక్కోటీ దాదాపు అరగంట. సీట్లలోంచి లేవకూడదని ఆంక్ష ఉన్నా, కూర్చున్నచోటే రుమాళ్లు ఊపుతూ ఏడ్చిన పిల్లల ముఖాలు నేను చూశాను. నేను మైలపడ్డానని ఎవరన్నా ఒప్పుకోను. ఒక విద్య కోసం ఒళ్లు దాచుకోకుండా సాధన చేసినవాళ్లెవరైనా నావాళ్లే.

1976లో మహమ్మద్ అలీ, మల్లయోధుడు ఇనోకి 15 రౌండ్లు తలపడ్డారు. ఇనోకి ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే అలీ కాళ్లను తన్నాడు. ఫలితం తేలలేదు, జనానికి తృప్తి లేదు. 1978లో వచ్చిన రాక్ బృందం చీప్ ట్రిక్ కథ వేరు. సొంత అమెరికాలోనే అంతంతమాత్రం పేరున్న ఆ కుర్రాళ్ల పాటలు, వాటితోపాటు నా వాళ్ల కేకలు, రికార్డుకెక్కి ఆ దేశంలో మార్మోగాయి. అప్పటినుంచి నా పేరు పాటల లోకంలోనూ నిలబడింది. ఇక్కడ పాడటం ఇవాళ్టికీ ఎన్నో జపాన్ బృందాల కల.

ఏటా ఆగస్టు 15న మాత్రం ఆటా లేదు, పాటా లేదు. 1965 నుంచీ యుద్ధమృతుల జాతీయ స్మారక సభ నాలోనే. తెల్ల, పసుపు చామంతుల ముందు చక్రవర్తి నిలబడతారు. మధ్యాహ్నం 12 కొట్టగానే ఒక నిమిషం మౌనం. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు వచ్చేవారు ఒకప్పుడు. ఇప్పుడు మనవళ్లు, మునిమనవళ్లు కూడా వస్తున్నారు. ఆ తల్లుల్ని చూసినదాన్ని కాబట్టి, అంతకంటే ముఖ్యమైన పని నాకు మరొకటి లేదని చెప్పగలను.

ఏడాది వాయిదాపడి, 2021లో ఒలింపిక్స్ మళ్లీ నా గడప తొక్కాయి. మహమ్మారి వల్ల ప్రేక్షకులు లేరు. భారత్ తరఫున జూడోకు వచ్చింది మణిపూర్ అమ్మాయి సుశీలాదేవి ఒక్కతే. తొలి పోటీలోనే ఓడింది, ఆమెకు చప్పట్లు కొట్టే జనం కూడా లేకపోయారు. మర్నాడు, జూలై 25న, జపాన్ అమ్మాయి ఉతా ఆబే, ఆమె అన్న హిఫుమి ఒకే రోజు చెరో స్వర్ణం గెలిచారు. 1964లో జపాన్ ఓటమికి నా సీట్లు నిండాయి, ఈ గెలుపుకి నిండలేదు. ఆ అన్నాచెల్లెళ్లు ఇంకా ఆడుతుండగానే మరో పెద్ద పోటీకి ఇక్కడికి రావాలి, ఆ రోజు పై వరుస దాకా జనం ఉండాలి.