యునైటెడ్ పంచాంగం: ఆదాయం 44, వ్యయం 54

మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్‌కు 2024-25 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో ఆదాయం 44, వ్యయం 54. రాజపూజ్యం 11, అవమానం 18. మొదటి జత కొట్టిన గోల్స్, సమర్పించుకున్న గోల్స్. రెండో జత గెలిచిన మ్యాచ్‌లు, ఓడినవి. మిగిలిన 9 డ్రా అయ్యాయి. మొత్తం 42 పాయింట్లు, 20 జట్లలో 15వ స్థానం. 1973-74లో రెండో డివిజన్‌కు జారిపోయిన తర్వాత ఈ క్లబ్ పై డివిజన్‌లో ఇంత కింద ఎన్నడూ నిలబడలేదు. ఇంత విస్పష్టమైన జాతకం చేతిలో పెట్టుకుని కూడా, 2025 ఆగస్టులో కొత్త సీజన్‌కు ఫాంటసీ జట్లు కట్టినవాళ్లు ఈ క్లబ్ ఆటగాళ్ల పేర్ల దగ్గరకొచ్చేసరికి వేలు ఆపారు. ఆ వేలు నొక్కాలా, ముందుకు జరగాలా అన్నది ఇక్కడి విచారణ.

ఫాంటసీ ప్రీమియర్ లీగ్ 2002లో మొదలైన ఉచిత ఆట. ఇప్పుడు ఆడేవాళ్లు కోటి దాటారు. ప్రతి మేనేజర్ చేతిలో 10 కోట్ల పౌండ్ల ఉత్తుత్తి డబ్బు ఉంటుంది. దాంతో ప్రీమియర్ లీగ్‌లో నిజంగా ఆడే 15 మందిని కొనాలి, ఒక క్లబ్ నుంచి ముగ్గురిని మించకూడదు. బలమైన క్లబ్ మీద అందరూ ఒకేసారి ఎగబడకుండా పెట్టిన నిబంధన ఇది. యునైటెడ్ విషయంలో మాత్రం వినియోగదారుల రక్షణ కిందకు వస్తుంది. డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం చేసి నిషేధించాయి. ఇందులో పందెం లేదు గనుక హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా నిశ్చింతగా ఆడుకోవచ్చు. పోయేది నిద్ర, ఆఫీసులో పరువు. వాటిని కాపాడే చట్టం ఏ ప్రభుత్వమూ ఇంకా చేయలేదు.

కొన్నవాళ్లు అసలు మ్యాచ్‌లో చేసినదాన్ని బట్టి పాయింట్లు. లెక్క తేలికే. మిడ్‌ఫీల్డర్ గోల్ కొడితే 5 పాయింట్లు, ఫార్వర్డ్ కొడితే 4, ఆఖరి పాస్ ఇచ్చినవాడికి 3. ఒక్క గోల్ కూడా పడకుండా మ్యాచ్ ముగిస్తే డిఫెండర్‌కూ గోల్‌కీపర్‌కూ చెరి 4. అదే వాళ్లకు, పడిన ప్రతి రెండు గోల్స్‌కూ ఒక పాయింట్ కోత. పసుపు కార్డుకు 1 పోతుంది, ఎర్ర కార్డుకు 3. ఎర్ర కార్డు సంగతి వేరే క్లబ్ గురించైతే చెప్పనక్కర్లేదు. యునైటెడ్ కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెజ్ 2024-25లో మూడుసార్లు ఆ కార్డు చూశాడు. వాటిలో ఒకటి తర్వాత రద్దయింది, మరొకటి యూరోపా లీగ్‌లోది కాబట్టి ఫాంటసీ ఖాతాకు తగల్లేదు.

ఈ ఆట ఆడేవాళ్లలో రెండు జాతులున్నాయి. మొదటి జాతి లెక్కల మేనేజర్లు. వీళ్లు ప్రత్యర్థి ఎవరు, పెనాల్టీ ఎవరు కొడతారు, అరవై నిమిషాల లోపే బెంచికి ఎవరు వెళతారు అని చూసి కొంటారు. రెండో జాతి భక్త మేనేజర్లు. వీళ్లు ముందు ముగ్గురు యునైటెడ్ ఆటగాళ్లను పెట్టుకుని, మిగిలిన డబ్బుతో ఫుట్‌బాల్ ఆడేవాళ్లను వెతుకుతారు. 1999లో లీగ్, ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ ఒకే ఏడాది గెలిచిన జట్టును టీవీలో చూసినవాళ్లు, చూసిన అన్నయ్య చెప్పగా విన్నవాళ్లు ఈ జాతిలో ఎక్కువ. లోకమంతా వదిలేసిన ఆటగాణ్ని కొని దాన్ని డిఫరెన్షియల్ వ్యూహమంటారు. లోకం ఎందుకు వదిలేసిందో మూడో వారానికల్లా తెలిసిపోతుంది. ఈ సమీక్ష మొదటి జాతికి అక్కర్లేదు, రెండో జాతికి పనికిరాదు. మధ్యలో ఊగిసలాడేవాళ్లే దీనికి పాఠకులు.

ముందుగా దాడి విభాగం. 2024-25లో రాస్మస్ హోయ్‌లండ్ లీగ్‌లో 4 గోల్స్ కొట్టాడు, జాషువా జిర్క్‌జీ 3. ఇద్దరూ స్ట్రైకర్లే. జట్టు మొత్తంలో అందరికంటే ఎక్కువ కొట్టింది బ్రూనో, అమద్ డియాలో, చెరి 8. అందుకే యాజమాన్యం 2025 వేసవిలో సంచి విప్పింది. వుల్వ్స్‌కు 15 గోల్స్ కొట్టిన మథేయుస్ కున్యాను తెచ్చింది, బ్రెంట్‌ఫర్డ్‌కు 20 కొట్టిన బ్రయన్ ఎంబ్యూమోను తెచ్చింది. ఈ ఇద్దరివీ కలిపితే 35. యునైటెడ్ అనే పూర్తి జట్టు ఏడాది పొడుగునా కొట్టినవాటి కంటే 9 తక్కువ, అంతే.

ఈ కొనుగోళ్ల వెనుక ఒక విధానం కనిపిస్తుంది. కున్యా 2024 డిసెంబర్ 26న యునైటెడ్ మీద కార్నర్ కిక్‌ను ఎవరి కాలూ తగలనివ్వకుండా నేరుగా గోల్‌లోకి పంపాడు. బ్రెంట్‌ఫర్డ్ 2025 మే 4న ఇదే జట్టును 4-3తో ఓడించింది. అంటే ఆటగాళ్లను వెతకడానికి స్కౌట్లు దేశదేశాలు తిరగనక్కర్లేదు, తమ జట్టు మ్యాచ్‌లకే టికెట్ కొనుక్కుని కూర్చుంటే చాలు. చిక్కల్లా, ఓడించినవాళ్లందరినీ కొనాలంటే 18 ఓటములకు సరిపడా సొమ్ము ఏ బ్యాంకులోనూ ఉండదు.

మూడోవాడు బెంజమిన్ షెష్కో. లైప్‌జిగ్ తరఫున 2024-25 జర్మన్ లీగ్ సీజన్‌లో 13 గోల్స్ కొట్టిన పొడుగాటి కుర్రాడు. ఈ ముగ్గురికీ క్లబ్ ఒప్పుకున్న మొత్తం, షరతులతో కూడిన అదనపు చెల్లింపులు కలుపుకుంటే 20 కోట్ల పౌండ్లు దాటింది. 2025 ఆగస్టులో ఫాంటసీ మార్కెట్లో కున్యా, ఎంబ్యూమో చెరి 80 లక్షలకు, షెష్కో 75 లక్షలకు దొరికారు. వెరసి 2 కోట్ల 35 లక్షలు. యునైటెడ్ కొనుగోళ్లలో ఇంత చౌక బేరం కనబడితే అది ఉత్తుత్తి డబ్బుతోనే సాధ్యం. అయినా చౌక అంటే లాభమని కాదు. బ్రెంట్‌ఫర్డ్‌లో, వుల్వ్స్‌లో బంతి ఎటు తిరిగినా చివరికి వీళ్ల దగ్గరికే వచ్చేది. ఇక్కడ ఆ బంతి మరో నలుగురిని అడిగి రావాలి.

ఆ నలుగురిలో మొదటివాడు బ్రూనో. లీగ్‌లో 8 గోల్స్, 10 అసిస్టులు. పెనాల్టీలు, ఫ్రీకిక్‌లు, కార్నర్లు అతనివే. రిఫరీతో వాదించే బాధ్యత కూడా అతనిదే. 2025 వేసవిలో సౌదీ క్లబ్ అల్ హిలాల్ పిలిచినా వెళ్లలేదు. అప్పటి ధర 90 లక్షలు. ఫాంటసీ కళ్లతో చూస్తే క్లబ్‌లో నమ్మదగిన సరుకు ఇదొక్కటే. అయితే అప్పటి కోచ్ రూబెన్ అమోరిమ్ ఆడించినది 3-4-2-1 పద్ధతి. అందులో స్ట్రైకర్ వెనుక ఉండే రెండు స్థానాలకూ కున్యా, ఎంబ్యూమో వచ్చేశారు. దాంతో బ్రూనో ఒక మెట్టు కిందకు దిగి మధ్యలో కాపలా కాయాల్సిన పరిస్థితి వచ్చింది. గోల్ దగ్గర పాయింట్లు తెచ్చేవాణ్ని గోల్‌కు దూరంగా నిలబెట్టడానికి 20 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. అమద్‌ది ఇంకో కథ. 2025 జనవరిలో సౌతాంప్టన్ మీద ఆఖరి పన్నెండు, పదమూడు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టిన ఈ కుర్రాడు చాలాసార్లు కుడి అంచున వింగ్‌బ్యాక్‌గా ఆడేవాడు. పని డిఫెండర్‌ది, ఫాంటసీ జాబితాలో హోదా మిడ్‌ఫీల్డర్‌ది. గోల్ పడకుండా కాపాడితే డిఫెండర్‌కు 4 వస్తాయి, ఇతనికి 1.

డిఫెన్స్ గురించి అప్పటిదాకా ఒక్క ముక్కలో తేల్చేయగలిగేవాళ్లు: కొనవద్దు. 2025-26లో నిర్వాహకులు కొత్త నిబంధన తెచ్చి ఆ సౌకర్యం తీసేశారు. బంతిని బయటకు తన్నేయడం, షాట్‌కు అడ్డుపడటం, పాస్‌ను మధ్యలో అందుకోవడం, టాకిల్ చేయడం అన్నీ కలిపి ఒక మ్యాచ్‌లో 10కి చేరితే డిఫెండర్‌కు 2 పాయింట్లు. మంచి జట్టు డిఫెండర్‌కు అన్ని పనులు తగలవు. ప్రత్యర్థులు తెరిపి లేకుండా మీద పడే జట్టులో ఉన్నవాడికి అరగంటలో తగులుతాయి. 2024-25లో సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 9 లీగ్ మ్యాచ్‌లు ఓడిన జట్టుకు ఇంతకంటే అనుకూలమైన సవరణ ఉండదు. దాంతో డిఫెండర్ హ్యారీ మగ్వైర్ తలతో కొట్టి బయటకు పంపిన ప్రతి బంతికీ ఒక లెక్క వచ్చింది. కానీ అదే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడితే వచ్చిన 2 వెళ్లిపోతాయి. కష్టానికి కూలి వచ్చి ఫలితానికి జరిమానా పడితే మిగిలేది సున్నా. గోల్‌కీపర్ విషయం క్లుప్తంగా: ఆండ్రే ఒనానా 2025 వేసవిలో గాయపడ్డాడు, మొదటి మ్యాచ్‌లో ఎవరు నిలబడతారో భక్తులకు కూడా తెలియలేదు. వద్దు.

ఆశావాదులు ఎత్తిచూపిన గట్టి వాదన ఒకటుంది. 2025 మే 21న బిల్బావోలో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్లో టోటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడటం వల్ల యునైటెడ్‌కు 2025-26లో యూరప్ టోర్నీలేవీ లేకపోయాయి. వారం మధ్యలో ప్రయాణాలుండవు, ఆటగాళ్లు అలసిపోరు, కోచ్ జట్టును మార్చడు. ఓటమిని ఇంత అందంగా వాడుకోవడం అభిమానులకే చెల్లింది. చరిత్రలో సాక్ష్యమూ ఉంది: 2016-17లో యూరప్ లేని చెల్సీ, ముగ్గురు డిఫెండర్ల పద్ధతిలోనే ఆడి, లీగ్ గెలిచింది. యూరప్ లేని యునైటెడ్‌కే చెందిన సాక్ష్యం కూడా ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. 2014-15లో లూయీ వాన్ హాల్ జట్టు సొంతగడ్డపై స్వాన్సీ చేతిలో ఓడి సీజన్ మొదలుపెట్టింది, ఆ నెలలోనే మూడో శ్రేణి డివిజన్‌లో ఉన్న ఎంకే డాన్స్ చేతిలో 4-0తో లీగ్ కప్ నుంచి బయటపడింది. ఆఖరికి నాలుగో స్థానం దక్కిందన్నది నిజమే. ఆగస్టులో ఫాంటసీ జట్టు కట్టినవాడికి మే నెల సంగతి ఊరట కాదు.

యూరప్ లేకపోవడంలో నష్టమూ ఉంది. 2025 ఏప్రిల్ 17న యూరోపా లీగ్‌లో లియాన్‌తో మ్యాచ్‌లో యునైటెడ్ అదనపు సమయంలో 4-2తో వెనకబడి, 114వ నిమిషం నుంచి మూడు గోల్స్ కొట్టి 5-4తో గెలిచింది. ఆఖరి గోల్ స్ట్రైకర్ అవతారమెత్తిన మగ్వైర్‌ది. ఏడాది మొత్తంలో అభిమానులు ఒళ్లు మరిచిన రాత్రి అదే. ఫాంటసీలో లీగ్ మ్యాచ్‌లే లెక్కకొస్తాయి కాబట్టి ఆ రాత్రి విలువ సున్నా. 2025-26లో ఆ రాత్రులు కూడా లేవు.

యునైటెడ్ ఆటగాడి విలువ పెరగడానికి నమ్మకమైన మార్గం క్లబ్ వదలడం. 2024 ఆగస్టులో నాపోలీకి అమ్మేసిన స్కాట్ మెక్‌టొమినే 12 గోల్స్‌తో ఇటలీ లీగ్ గెలిపించి అక్కడ సీజన్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో దారి తప్పి తిరిగిన ఆంటనీ, అరువు మీద బేటిస్‌కు వెళ్లి ఆ జట్టును కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చాడు. ఆంథనీ ఎలాంగా 2025 ఏప్రిల్ 1న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తరఫున తమ సగం నుంచి బంతితో పరుగెత్తి పాత క్లబ్‌కే గోల్ కొట్టాడు, ఆ గోల్‌తోనే మ్యాచ్ పోయింది. 2025 వేసవిలో న్యూకాజిల్‌కు వెళ్లాడు. లెక్కల మేనేజర్లు యునైటెడ్ జట్టు జాబితా కంటే యునైటెడ్ వదిలినవాళ్ల జాబితా దగ్గర పెట్టుకోవడంలో అర్థముంది.

కోచ్ సంగతి. అమోరిమ్ 2024 నవంబర్‌లో వచ్చి 27 లీగ్ మ్యాచ్‌లలో 27 పాయింట్లు తెచ్చాడు. ఇంత సమానమైన లెక్క అకౌంటెంట్లకు కూడా కుదరదు. క్లబ్ చరిత్రలోనే అధ్వాన్నమైన జట్టు బహుశా తమదేనని 2025 జనవరిలో తానే విలేకరుల ముందు అన్నాడు, ఆ తర్వాత నాలుగు నెలలు ఆ మాట నిలబెట్టుకున్నాడు. 2013లో అలెక్స్ ఫెర్గూసన్ దిగిపోయాక పూర్తిస్థాయి బాధ్యత తీసుకున్నవాళ్లలో ఇతను ఆరోవాడు. డేవిడ్ మోయెస్ ఆరేళ్ల ఒప్పందం రాసుకుని పది నెలల్లో వెళ్లాడు. ఆ కుర్చీతో పోలిస్తే ఫాంటసీ మేనేజర్ ఉద్యోగం భద్రమైనది: ఎంత ఓడినా తీసేసేవాళ్లు లేరు.

2025-26కు ముందు సన్నాహక మ్యాచ్‌లు మాత్రం బాగా జరిగాయి. అమెరికాలో సమ్మర్ సిరీస్ అనే కప్పు కూడా దొరికింది. ఆ పాయింట్లు ఎక్కడా చెల్లవు.

ఇక మ్యాచ్‌ల వరుస. 2025-26 మొదటి ఎనిమిది వారాల్లో ప్రత్యర్థులు ఆర్సెనల్, ఫుల్‌హామ్, బర్న్‌లీ, మాంచెస్టర్ సిటీ, చెల్సీ, బ్రెంట్‌ఫర్డ్, సండర్‌లాండ్, లివర్‌పూల్. అంతకుముందు సీజన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన నలుగురూ ఇందులోనే ఉన్నారు. కింది డివిజన్ నుంచి అప్పుడే పైకొచ్చిన బర్న్‌లీ, సండర్‌లాండ్ ఉన్నాయి, రెండూ ఓల్డ్ ట్రాఫర్డ్‌కే వచ్చేవి. మిగతా లీగ్ వీటిని తేలిక మ్యాచ్‌లు అంటుంది. యునైటెడ్ సొంతగడ్డ చరిత్ర తెలిసినవాళ్లు అనరు. 2025 డిసెంబర్ 21న మొరాకోలో ఆఫ్రికా కప్ మొదలైంది; ఎంబ్యూమోను కామెరూన్, అమద్‌ను ఐవరీ కోస్ట్ పిలిచాయి. అందుకోసమే నిర్వాహకులు 16వ వారంలో అందరికీ ఐదు ఉచిత మార్పిడులు ఇచ్చారు.

2025 ఆగస్టు నాటి తీర్పు ఇది. మొదటి వారం జట్టులో యునైటెడ్ ఆటగాడు ఒక్కడు చాలు, వాడు బ్రూనో. కెప్టెన్ బ్యాండ్ వాడికి ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే ఉండనివ్వాలి, ఫాంటసీ జట్టులో కాదు. ఎంబ్యూమోను లివర్‌పూల్ మ్యాచ్ దాటాక కొని, ఆఫ్రికా కప్‌కు ముందు అమ్మేయాలి. షెష్కో కుదురుకునేదాకా ఆగాలి. డిఫెండర్లు, గోల్‌కీపర్ వద్దు. ముగ్గురిని పెట్టి తీరాలనుకునేవాళ్లు పెట్టవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. జట్లు దాఖలు చేయడానికి గడువు 2025 ఆగస్టు 15, శుక్రవారం, మన గడియారంలో రాత్రి 11 గంటలు. ఆర్సెనల్‌తో మ్యాచ్ 17న, ఆదివారం రాత్రి 9కి.