పటంలో మిగిలిన పాత్ర: కెరొటాకిస్ ఆత్మకథ

ఆత్మకథ చెప్పుకొనే వస్తువుకు కనీసం ఒక రూపమైనా మిగిలి ఉండడం లోకరీతి. కెరొటాకిస్‌కు ఆ భాగ్యమూ దక్కలేదు. క్రీ.శ. 300 ప్రాంతంలో ఈజిప్టులో జీవించిన జోసిమోస్ అనే రసవాది వర్ణనల్లోనూ, వెనిస్‌లో భద్రపరచిన సుమారు వెయ్యేళ్ల నాటి గ్రీకు రాతప్రతిలోని బొమ్మల్లోనూ మాత్రమే అది బతికి ఉన్నది కనుక, తన కథను పరాయిదాని కథలా చెప్పుకోవలసి వస్తున్నది.

తేనెమైనాన్ని కరిగించి రంగుపొడులు కలిపి బొమ్మలు వేసిన ప్రాచీన చిత్రకారులు ఆ మైనం గడ్డకట్టకుండా వేడిమీద ఉంచుకొన్న లోహపు పలకకే మొదట ఈ పేరుండేది. ఆ పలకను మూతగల పాత్రలో అమర్చి లోహాలకు రంగు పట్టించే సాధనంగా మార్చిన ఘనతను మరియా అనే యూదు రసవాదినికి ఆపాదిస్తారు. పాత్ర అడుగున గంధకమో, పాదరసమో, హరిదళమో (ఆర్సెనిక్, గంధకం కలిసిన పసుపు ఖనిజం) ఉంచి, పలకపై రాగినో సీసాన్నో పరచి సన్నని సెగ తగిలిస్తే, పైకి లేచిన ఆవిరి లోహాన్ని తాకి, మూతలో చల్లబడి, ద్రవమై జారి మళ్లీ ఆవిరయ్యేది. లోహం ముందు నల్లబడాలి, తరువాత తెల్లగా, పసుపుగా, చివరకు ఊదాగా మారాలి అన్నది వారి సిద్ధాంతం. నలుపు మాత్రం నిజంగానే వచ్చేది, ఎందుకంటే గంధకపు ఆవిరి తగిలితే రాగి నల్లని సల్ఫైడు అవుతుంది. బంగారం పుట్టిందని మాత్రం కెరొటాకిస్ ఏనాడూ చెప్పుకోదు. ఒకే ఆవిరిని వృథా పోనీయకుండా పదేపదే పనిచేయించడమే దాని గర్వం.

దాని మనసు నొచ్చుకొన్నది పొయ్యి చేసిన గాయాలకు కాదు, మనుషుల మరుపుకు. మరియా స్వయంగా రాసిన గ్రంథమేదీ పూర్తిగా దక్కలేదు. ఇతరులు ఉదాహరించిన తునకలే ఆమెకు సాక్ష్యం. క్లియోపాత్రా అనే మరో రసవాదిని పేరిట, తన తోకను తానే కరచుకొన్న పాము బొమ్మ ఉన్న ఒక్క పుట నిలిచింది. పఫ్నూతియా గురించి తెలిసిందల్లా జోసిమోస్ తన శిష్యురాలు థియోసెబియాకు ఆమె సహవాసం వద్దని చెప్పిన మాటే, అంటే నింద ద్వారానే ఆమె పేరు బతికిందన్నమాట. తరువాతి కాలపు రసవాదులకు స్వేదనం చేసే పాత్రల మీదే మోజు పెరగడంతో కెరొటాకిస్ మూల పడింది. దాని తోబుట్టువని చెప్పదగిన వేడినీటి తొట్టి మాత్రం మరియా పేరు మోస్తూ ఫ్రెంచి వంటిళ్లలో నేటికీ చాక్లెట్ కరిగిస్తున్నది. ఈ విషయంలో కెరొటాకిస్‌కు కొంత అసూయ ఉన్నదని ఒప్పుకోక తప్పదు. పాలలోని కొవ్వును కొలవడానికి 1879లో జర్మన్ రసాయనవేత్త ఫ్రాంజ్ సాక్స్‌లెట్ రూపొందించిన గాజు పరికరంలోనూ ఆవిరి అలాగే చల్లబడి తిరిగివస్తుంది, అయితే ఆ పోలికను బంధుత్వమనడానికి ఆధారం లేదు.

సంగీతం రసవాదాన్ని మరచిపోలేదు, కాని దాని జ్ఞాపకం వంకరగా ఉన్నది. 1617లో జర్మన్ వైద్యుడు మిఖాయెల్ మైయర్ ప్రచురించిన 'అటలాంటా ఫుగియెన్స్'లోని 50 ఫ్యూగులలో, అంటే ఒక గొంతు రాగాన్ని మరో గొంతు వెంబడించే రచనలలో, గ్రీకు పురాణకథలోని పారిపోయే అటలాంటా ఒక గొంతు, తరిమే హిప్పోమెనెస్ మరొకటి, దారిలో పడేసిన బంగారు ఆపిల్ మూడవది. ఇక్కడ స్త్రీ పట్టుకోవలసిన పదార్థం, పట్టుకొనే సాధకురాలు కాదు. 1974లో బ్రెజిల్ గాయకుడు జార్జి బెన్ 'పచ్చల పలక' పేరుతో తెచ్చిన ఆల్బమ్ రసవాదుల రాకను ఉల్లాసంగా ప్రకటించి, రసవాదుల మూలపురుషుడిగా చెప్పుకొనే హెర్మెస్‌కు ఆపాదించిన అదే పేరుగల పాఠాన్ని గిటారు లయలో పాడి, పారిస్ లేఖకుడు నికొలా ఫ్లమెల్ పేరిట చలామణి అయిన చిత్రాలను అట్టపై పెట్టుకొన్నది. ఫ్లమెల్ పెళ్లాడిన పెరెనెల్ అంతకుముందే రెండుసార్లు వితంతువైన స్త్రీ. ఆ ఆల్బమ్‌లో వితంతువు ప్రియుడి మీద ఒక పాట ఉన్నది, మరియా పేరుతో పాట మాత్రం లేదు.