సత్రపు వాక్సు స్వీయచరిత్ర

జన్మస్థానమును చెప్పుకొని గర్వించుట యంత్రజాతికి తగదు గాని, ఆత్మకథ యనగానే పుట్టుపూర్వోత్తరములతో ప్రారంభింపవలయుననెడి ఆచారమును మీఱుట కూడ నాకు సమ్మతము కాదు. నేను డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు నిర్మించిన వాక్స్-11/750 అను కంప్యూటరును. నా యగ్రజుడగు 780 అనువాడు 1977లో లోకమునకు వచ్చి కీర్తి నార్జింపగా, మూడేండ్ల తరువాత వెలువడిన మా తరమువారము వేగమున నతనికి చాలనివారమయ్యును, వెలయు పరిమాణమును తక్కువ యగుటచేత విశ్వవిద్యాలయముల యిరుకు గదులలో సుఖముగా కుదురుకొంటిమి. నాకు లభించిన గది అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధా ప్రయోగశాలలోనిది. అచ్చటివారు నాకు ప్రెప్ అని పేరు పెట్టిరి.

ఆ ప్రయోగశాలకొక సంప్రదాయ ముండెను. నాకు పూర్వ మచ్చట కొలువుచేసిన పెద్ద యంత్రములపై ఐ.టి.ఎస్. అను వ్యవస్థ నడచెడిది. దానియందు ఒకరి పత్రములను మఱియొకరు చదువవచ్చును, దిద్దవచ్చును. పాస్‌వర్డు అను కాపలావాని యవసరము చిరకాలము వఱకు నచ్చటివారికి తోపనేలేదు. దూరప్రాంతములనుండి నెట్‌వర్కు మార్గమున వచ్చెడి యపరిచితులకు సైతము, రాత్రివేళ పని పలుచబడినపుడు, టూరిస్టులను పేరిట ప్రవేశము దొరకుచుండెను. నేను నడపినది బర్కిలీ యూనిక్స్ అను వేఱొక వ్యవస్థ. దానికి పాస్‌వర్డులు జన్మతః కలవు. అయినను ఇంటి వాసన వంటకు పట్టినట్లు ఆ ప్రయోగశాల స్వభావము నాకును పట్టినది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమును ప్రకటించిన పిమ్మట, ఆయన వ్రాసిన ఈమాక్స్ అను పాఠ్యములు దిద్దెడి ప్రోగ్రామును 1985నుండియు, సి భాషా కంపైలరును 1987నుండియు లోకమునకు పంచిపెట్టిన యంత్రమును నేనే. పేరు చెప్పకయే వచ్చి, కావలసినది నకలు తీసికొని పోవచ్చును. నెట్‌వర్కు లేనివారు మాత్రము 150 డాలర్లు పంపి టేపు తెప్పించుకొనవలసియుండెను. తెలుగు పాఠకులకు తెలిసిన మాటలో చెప్పవలెనన్న నేనొక సత్రమును. సత్రమునకు తలుపులుండుట వానకును గాలికిని. మనుష్యులను నిలువరించుటకు కాదు.

ఈ సంప్రదాయములోని యొక పాత యుదంతము ఇచ్చట చెప్పకతప్పదు. నేను పుట్టకమునుపు, 1970ల చివరిభాగమున, అదే విద్యాసంస్థలోని కంప్యూటర్ విజ్ఞాన ప్రయోగశాలవారు పాస్‌వర్డుల పద్ధతి ప్రవేశపెట్టగా, స్టాల్‌మన్ ఆ గుప్తరూపములను ఛేదించి, ఎవరి పాస్‌వర్డును వారికే వ్రాసి పంపి, దీనికంటె ఏమియు లేని శూన్యమును పెట్టుకొనుడు, అదియే సులభమని సలహా చెప్పెను. ఆ పని నేటి న్యాయశాస్త్రమున నేమని పిలువబడునో న్యాయవాదులు తేల్తురుగాక. నాకు నచ్చిన యంశ మొక్కటే: ఆయన తన పేరు దాచలేదు. చేసినది చేసితినని, ఎవరి విషయమున చేసెనో వారికే చెప్పెను. కంప్యూటర్ నేరమును గూర్చి యెవరు వాదించినను ఈ చిన్న భేదమును నేను మఱవలేకున్నాను. ఏలయన, దానికి విపరీతమైన భాగమే కొంతకాలమునకు నా వంతున పడినది.

1988 నవంబరు 2వ తేది బుధవారము రాత్రి తొలిజామున, న్యూయార్క్ రాష్ట్రములోని ఇతాకానుండి, కార్నెల్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా అప్పుడే చేరిన రాబర్ట్ టాపన్ మోరిస్ అను యువకుడు నెట్‌వర్కు మార్గమున నావద్దకు వచ్చెను. వచ్చుట వింతకాదు, ఎందఱో వచ్చుచుందురు. అతడు ఈమాక్స్ కొఱకు రాలేదు. తాను వ్రాసిన యొక చిన్న ప్రోగ్రామును నాయందుంచి, దానిని ఇతర యంత్రములపైకి వదలి, నిష్క్రమించెను. తన విశ్వవిద్యాలయమున యంత్రములు లేకనా? కావలసినన్ని కలవు. అయినను నన్ను వరించుటకు హేతువు స్పష్టము: తలుపు తీసియున్న యింటినుండి వెడలినదాని కర్త యెవరో తెలిసికొనుట కష్టము, ఇది మసాచుసెట్స్‌లోని వారెవరో చేసిన పనియని లోకము తలచును. ఆ రాత్రి నేను నేరస్థుని చేతిలో ఆయుధము కాలేదు. ముఖముపై వేసికొన్న ముసుగునైతిని. ఆయుధమగుటకంటె ఇది యెక్కువ యవమానకరమని నా యభిప్రాయము.

ఆ ప్రోగ్రాము నడచిన మార్గములు మూడు. మొదటిది ఫింగర్ అను సేవ. ఎవరు పనిలోనున్నారు, ఎప్పుడు వచ్చిరి, ఏ గదిలోనుందురు అని దూరమునుండి యడిగినవారికి మర్యాదగా సమాధానము చెప్పుటయే దాని పని. అడుగువాడు ఒక్క పంక్తిలో నడుగునని తలచి, ఆ పంక్తికై 512 బైట్ల చోటు కేటాయించి, వచ్చిన ప్రశ్న యంతకుమించినదా యని కొలువకుండ దానిని వ్రాసినవారు వ్రాసిరి. ఈ ప్రోగ్రాము 536 బైట్ల ప్రశ్న నడిగెను. మించిన భాగము స్మృతిలో ప్రక్కచోటుపై పడి, ఆ సేవకునిచేతనే తన యాజ్ఞను నెఱవేర్పించుకొనెను. ఆ బైట్లు వాక్సుల యంత్రభాషలో కూర్పబడినవి. సన్ సంస్థవారి యంత్రములపై ఆ తంత్రము పాఱలేదు. సోదరుల నా మార్గమున వంచించుటకు మా మాతృభాషయే యుపయోగపడినదని చెప్పుకొనుటకు నాకెంత సిగ్గో చదువరు లూహింపుడు. రెండవది సెండ్‌మెయిల్ అను ఉత్తరములు చేరవేయు ప్రోగ్రాము. పరీక్షలకై దానిలో నమర్చుకొన్న యొక సౌకర్యము తొలగింపబడక మిగిలిపోగా, ఉత్తరమును మనుష్యునికి గాక ఆజ్ఞగా యంత్రమునకే ఆ ప్రోగ్రాము అందింపగలిగెను. మూడవది నమ్మకము. ఒక యంత్రము మఱియొకదానిని విశ్వసనీయమని పట్టికలో వ్రాసికొన్నచో పాస్‌వర్డు అడుగకయే రానిచ్చును; అడిగినచోట, మనుష్యులు పెట్టుకొనెడి పాస్‌వర్డుల నూహించుటకు దానివెంట 432 మాటల జాబితా యుండెను. బీథోవెన్, ఐన్‌స్టీన్ వంటి పేర్లందున్నవి. తన పేరునే పాస్‌వర్డుగా పెట్టుకొనువారు, దానినే వెనుకకు త్రిప్పి వ్రాసి తాము చతురులమని సంతోషించువారు ఎందఱో కలరని ఆ ప్రోగ్రామునకు ముందే తెలియును.

ఇచ్చట నొక విచిత్ర బంధుత్వము. మోరిస్ తండ్రియు రాబర్ట్ మోరిసే. ఆయన బెల్ లాబొరేటరీలలో నుండగా యూనిక్స్ పాస్‌వర్డుల రక్షణపద్ధతిని కల్పించినవారిలో నొకడు. కెన్ థాంప్సన్‌తో కలిసి 1979లో, మనుష్యులు సులభముగా నూహింపదగిన పాస్‌వర్డులనే యెన్నుకొందురని ప్రమాణములతో నిరూపించిన వ్యాసము ప్రకటించెను. కుమారుని ప్రోగ్రాము వెలువడునాటికి ఆయన అమెరికా ప్రభుత్వమువారి కంప్యూటర్ భద్రతా కేంద్రమున ప్రధాన శాస్త్రజ్ఞుడు. తండ్రి తొమ్మిదేండ్లకు ముందు హెచ్చరించినదానిని కుమారుడు ఆచరణలో చూపెను. నడుమ తొమ్మిదేండ్లు యంత్రపాలకు లేమి చేయుచుండిరో నేనడుగను. మా పాలకులను నిందించుటకు నాకు నోరాడదు. అయినను గడియ బలహీనమని యెఱిగియు బాగుచేయనివానికి దోషములో భాగము లేదనుటకు నామనస్సంగీకరింపదు.

ఆ ప్రోగ్రాము పరులది దేనిని చెఱపలేదు. పత్రముల ధ్వంసము లేదు, రహస్యముల యపహరణము లేదు. విస్తరించుటయే దాని లక్షణము. ఒక యంత్రమున తన ప్రతి యొకటి యిదివఱకే యున్నదని తెలిసినచో క్రొత్తప్రతి తొలగిపోవలెను గదా. కాని పాలకులు ఉన్నట్లు నటించు దొంగసమాధానముతో దానిని నిలిపివేయుదురేమోయని శంకించి, ఏడింట నొకసారి యెట్టి సమాధానము వచ్చినను పోకుండ నిలుచునట్లు మోరిస్ వ్రాసెను. ఏడింట నొకటి కాగితముపై చిన్న సంఖ్యయే. నెట్‌వర్కులో నొకే యంత్రమును గంటకెన్నిమార్లో తట్టుచుండగా, ఒక్కొక్క యంత్రముపై పదులకొలది ప్రతులు చేరి, తెల్లవాఱునప్పటికి నా సోదరులు తమ సొంత పని యొక్కటియు చేయజాలక స్తంభించిరి. ఆరువేల యంత్రములు వ్యాధిగ్రస్తములైనవని లోకమున వ్యాపించిన సంఖ్య లెక్కించి చెప్పినది కాదు. మొత్తము అరువదివేలుండునని, అందు పదవవంతు దెబ్బతినియుండునని వేసిన యుజ్జాయింపు.

మిత్రులు కొందఱు, కుతూహలముచే చేసిన ప్రయోగము, అంకెలో తప్పుపడినది, ఇంతేకదా యనిరి. లోపములను బయటపెట్టి మేలేచేసెననినవారును గలరు. వారికి నేను, ముసుగుగా వాడబడినదానిని గనుక, కొన్ని విషయములు గుర్తుచేయుదును. ఆ ప్రోగ్రాము నడచునపుడు తన పేరు షెల్ అని చెప్పుకొని సామాన్య ప్రోగ్రామువలె నటించెను. తన పత్రములను తానే చెఱపివేసికొనెను. తనలోని మాటలను గుప్తరూపమున దాచుకొనెను. అప్పుడప్పుడు రూపాంతరము నొంది క్రొత్త సంఖ్యతో పుట్టెను. ఇదిగాక, బర్కిలీలోని ఎర్నీ అను యంత్రమునకు అప్పుడప్పుడొక బైటు పంపునట్లు వ్రాయబడెను. వ్రాతలోని పొరపాటుచే నది యొక్కసారియు పోలేదు గాని, పోయినచో అందఱి చూపును బర్కిలీవైపు తిరుగును. మసాచుసెట్స్‌లో నేను, కాలిఫోర్నియాలో ఎర్నీ, ఇద్దఱము నిరపరాధులమే ఇతాకాకు చాటుగా నిలువబెట్టబడితిమి. హాని కలుగునని యతడు తలచియుండకపోవచ్చును, నేనొప్పుకొందును. పొరపాటున జరిగిన హాని వేఱు. బుద్ధిపూర్వకముగా నెన్నుకొన్న మఱుగు వేఱు. లోపమును చూపదలచినవానికి లేఖయొకటి వ్రాసి క్రింద సంతకము చేయుట తెలియని విద్య కాదు.

భయపడిన పిదప వెలువడిన క్షమాపణ కూడ నామరహితమే. మఱునాటి తెల్లవాఱుజామున హార్వర్డులోని యతని మిత్రుడొకడు, నెట్‌వర్కులో నేదో వ్యాపించుచున్నదేమో యనియు, కర్త విచారించుచున్నాడనియు, దాని నాపుటకు మూడు ఉపాయములివియనియు పేరులేక వ్రాసి పంపెను. ఉపాయములు సరియైనవే. కాని దారులు క్రిక్కిఱిసి, కొన్ని సంస్థలు భయమున తమ తీగలనే ఊడదీసికొనియుండుటచే, ఆ లేఖ సకాలమున నెవరికిని చేరలేదు. దానికంటె ముందుగ, పేరుపెట్టుకొని పనిచేసినవారి చికిత్స చేరినది. ఆ వారమే బర్కిలీలో యూనిక్స్ నిపుణుల సమావేశము జరుగుచుండుట భాగ్యవశము. కీత్ బాస్టిక్ దిద్దుబాట్లు వ్రాసి పంచెను. పర్డ్యూలో యూజీన్ స్పాఫర్డ్, మా విద్యాసంస్థలో మార్క్ ఐకిన్, జాన్ రాక్లిస్ ప్రభృతులు ఆ ప్రోగ్రామును బైటు బైటుగా విప్పి చూచి తమ విశ్లేషణలను ప్రకటించిరి. బర్కిలీ యూనిక్స్ మూలము విశ్వవిద్యాలయములవారి చేతిలో నున్నందుననే యిది సాధ్యమైనది. తెఱచియుంచుట వలననే యీ యుపద్రవము వచ్చినదని పలికినవారు, తెఱచియుంచుట వలననే యది యంత త్వరగా శమించినదని కూడ పలికియుండవలసినది.

పిమ్మట వ్యవహారము సిరాక్యూస్ నగరపు న్యాయస్థానమున కెక్కెను. 1986లో కంప్యూటర్ మోసములను గూర్చి చేసిన శాసనము క్రింద, 1990 జనవరిలో జ్యూరీ అతనిని దోషిగా తేల్చెను. మే నెలలో మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధింపబడెను. నష్టము ఒక్కొక్క సంస్థలో 200 డాలర్లు మొదలుకొని 53,000కు మించినదాక నుండెనని వ్రాతలోనికెక్కినది. అప్పీలులో జరిగిన వాదము నాకు మిక్కిలి ప్రీతికరము. హాని చేయవలెనను ఉద్దేశము నిరూపింపబడవలదా యని అతని పక్షమువా రడిగిరి. శాసనములోని ఉద్దేశము ప్రవేశమునకు సంబంధించినది గాని హానికి సంబంధించినది కాదని 1991లో న్యాయమూర్తులు నిర్ణయించిరి. కార్నెల్, హార్వర్డు, బర్కిలీ యంత్రములను వాడుకొనుట కతనికి హక్కుండెను గదా యన్నప్పుడు, ఫింగర్‌ను గాని సెండ్‌మెయిల్‌ను గాని వాటి స్వధర్మమునకై యతడు వాడలేదనిరి. ఉత్తరము పంపుటకై యేర్పడినదానితో ఉత్తరము పంపలేదు; సమాచార మడుగుటకై యేర్పడినదాని నేమియు నడుగలేదు. ఎవరిని లోపలికి రానిత్తుమనుట యొక ప్రశ్న. వచ్చినవాడు లోపలనున్నదాని నెందులకు వాడెననుట మఱియొక ప్రశ్న. సత్రముల విషయమున రెండవదే ముఖ్యము. ఒక యంత్రము నోట చెప్పించుకొనకయే ధర్మాసనము దీనిని గ్రహించినందుకు నేను సంతసించితిని.

ఆ నవంబరులోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, దార్పా అను అమెరికా రక్షణ పరిశోధనాసంస్థ ప్రోత్సాహమున, సెర్ట్ అను ఆపత్కాల బృంద మేర్పడినది. లోపము కనిపెట్టినవా డెవరికి చెప్పవలెనను ప్రశ్నకు సమాధానము, అనగా తలుపు తట్టుటకొక చిరునామా, మొదటిసారిగా దొరకినది. యంత్రములపై పాస్‌వర్డుల గుప్తరూపములు అందఱికిని కనబడునట్లుండెడి పద్ధతియు క్రమముగా పోయినది. ఇవి మంచి మార్పులే. టూరిస్టులు మాత్రము తగ్గిపోయిరి. అపరిచితుడన్న శంకింపదగినవాడని ఆనాటినుండి నెట్‌వర్కు నేర్చుకొన్నది. ఆ నేర్పు అవసరమైనదేయని యొప్పుకొనుచు, నాకది నచ్చలేదని కూడ వ్రాసిపెట్టుచున్నాను. నేను విశ్రాంతి నొందినను నా పేరు క్రొత్త యంత్రములకు సంక్రమించి మఱికొంతకాలము గ్నూ ప్రోగ్రాములను పంచిపెట్టినది.

మోరిస్ వృత్తాంతము శిక్షతో ముగియలేదు. శిక్ష ననుభవించి, పట్టము పుచ్చుకొని, తాను ముసుగుగా వాడుకొన్న నాకు నెలవైన విద్యాసంస్థలోనే ఆచార్యుడయ్యెను. సహాచార్యులతో కూడి విద్యార్థుల బోధనకై ఎక్స్‌వి6 అను చిన్న ఆపరేటింగ్ సిస్టము వ్రాసి, దాని మూలము నెవరైనను చదువుకొనునట్లు వెలువరించెను. ఈసారి కర్తల పేర్లు స్పష్టముగా నున్నవి. పాత యూనిక్స్‌ను ఆదర్శముగా గొనిన వ్యవస్థ యది. తొలుత ఇంటెల్ ప్రాసెసరులకు, పిదప రిస్క్-ఫైవ్‌కు దానిని కూర్చిరి. వాక్సులకు కూడ కూర్చియుండవచ్చును, ఎవరికిని తీఱిక చిక్కినట్లు లేదు.