సబ్బు మాకు, డబ్బా వాడికి

మా అక్క కొడుకు సబ్బు తెస్తే సబ్బు ఇంటికి, డబ్బా వాడికి. అగర్‌బత్తీలు తెస్తే పుల్లలు దేవుడి గూట్లోకి, గొట్టం వాడి గదిలోకి. ఆయుర్వేదం షాపులో మా అమ్మకు దగ్గుమందు కొంటే సీసాను జేబులో కుక్కుకుని, అట్టపెట్టెను మాత్రం రెండు చేతులా పట్టుకొస్తాడు, ఎక్కడ నలుగుతుందోనని. లోపలి చీటీనీ పారేయడు. ఎన్ని మడతలున్నాయో విప్పి చూసి, మళ్లీ అవే మడతలు వేసి దాచుకుంటాడు. అమ్మకు దగ్గు తగ్గిందా లేదా అన్నది వాడికి ఆ తర్వాతి సంగతి.

ఇట్లాంటి వాళ్లు ఈ మధ్య ఊరికి ఇద్దరు ముగ్గురు తేలుతున్నారు. ఒకప్పుడు ప్రతి చుట్టరికంలో ఒక హోమియోపతి తెలిసినాయన, ఒక వాస్తు తెలిసినాయన ఉండేవారు. ఇప్పుడు ఆ రెండు కుర్చీలూ డిజైన్ చదివే పిల్లగాడివే. హోమియోపతి ఆయన మనం వెళ్లి అడిగితేనే నాలుక చాపమనేవాడు. వీడికి అడగనక్కర్లేదు. పెళ్లిపత్రిక చేతికిస్తే ముహూర్తం చూడడు. బొటనవేలితో కాగితం రుద్ది, "మూడొందల జీఎస్‌ఎమ్మే గానీ లామినేషన్ ఖరాబు చేసిండ్రు" అంటాడు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి, బంగారు రేకు అద్దిన వినాయకుణ్ణి పరీక్ష చేస్తాడు. పోయిన మాఘంలో అట్లాంటి వినాయకుడొకడు తెగ నచ్చి కత్తెరేశాడు. ఆ వినాయకుడి వీపున ఫంక్షన్ హాలు పేరుంది. మేం భువనగిరిలో కనబడ్డ హాలుకల్లా ఎక్కి దిగి, చివరికి ఎవరో తెలియని జంటకు అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాం. వంకాయ కూర బాగుంది. అంతకన్నా ఆ పెళ్లి గురించి చెప్పలేను.

వాడు హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదువుతాడు. సెలవు దొరికితే చాలు మా యాదగిరిగుట్టకు వచ్చి మా ఇంటి హాలంతా అట్టముక్కలు పరుస్తాడు. ఈసారి ప్రాజెక్టు: ఒక పాప్ గాయకుడి ఆల్బంకు ప్యాకేజింగ్ చేయాలి. కవరు, పెట్టె, లోపలి పుస్తకం, పోస్టర్లు అన్నీ. క్లాసులో సగంమంది కొరియా వాళ్ల మీద పడ్డారట. అక్కడి బీటీఎస్ వాళ్లు 2017లో ఒకే ఆల్బంను నాలుగు రకాల కవర్లలో అమ్మారు. ఒక్కో దాంట్లో ఒక్కో ఫొటోపుస్తకం, ఎవరిది వస్తుందో తెలియని ఫొటోకార్డు. అభిమానులు నాలుగూ కొన్నారు. ఈ సంగతి చెబుతుంటే మా వాడి కళ్లు చెమర్చాయి. వాళ్ల సారు మాత్రం "మన దగ్గర పాడేటోళ్లు లేరా?" అన్నాడట. వీడు రాహుల్ సిప్లిగంజ్‌ను పట్టుకున్నాడు. 2023 మార్చి 13 పొద్దున్నే, ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి రాహుల్ 'నాటు నాటు' పాడుతుంటే మా ఇంట్లో అందరం పాట విన్నాం. వీడు "వెనక లైటింగ్ చూడుండ్రి" అన్నాడు.

చిక్కెక్కడ వచ్చిందంటే, మన పాప్ పాటకు ఇప్పుడు పెట్టె లేదు. రాహుల్ సొంతంగా చేసిన 'గల్లీ కా గణేశ్' లాంటివి యూట్యూబులో పుట్టి, ఫోన్లలో పెరిగి, మండపాల డీజేల్లో మోగాయి. వాటి ముఖచిత్రం ఫోనులో మన గోరంత ఉంటుంది. స్మిత 'హాయ్ రబ్బా' పాడిన రోజుల్లో పాప్ అంటే చేత్తో పట్టుకుని డబ్బులిచ్చి కొనే క్యాసెట్టు. ఇప్పుడు ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరిగే పాటకు వీడు షేర్వాణీ కుట్టాలి. అదీ ఏ కొలతల్లో? పాత ఎల్పీ రికార్డు కొలతల్లో! పన్నెండు అంగుళాలు దాటిన పలక. మా ఇంట్లోనే కాదు, మా వాడలో ఎక్కడా రికార్డు తిప్పే మిషన్ లేదు.

"మామా, 1940 కంటె ముందు రికార్డులు ఎట్లొస్తుండెనో ఎరుకేనా?" అని మొదలుపెడతాడు, నేను పళ్లు తోముకుంటుండగా. ఎరుక లేదనడానికి నోటినిండా పేస్టు. అమెరికాలో రికార్డులకు ఉత్త గోధుమరంగు అట్టలు ఉండేవట. కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు చేరి, అట్ట మీద బొమ్మ వేస్తే కొంటారని పట్టుబట్టాడట. "నాకంటె రెండు మూడేండ్లే పెద్ద మామా!" ఈ ముక్క వాడు చెప్పినన్నిసార్లు మా పూజారి గోత్రం కూడా అడిగి ఉండడు. ఆ తర్వాత సినాత్రా. 1959లో మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో అంతటి గాయకుడికీ పాటకు రాలేదు, ఆల్బం కవరుకు వచ్చింది. "పాటకు గాదు మామా, కవరుకు!" అని నా భుజం మీద కొడతాడు, ఆ అవార్డు తనకే వచ్చినంత ధీమాగా.

రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం కథ మాత్రం అన్నం దగ్గర చెప్పాడు. 1971లో వాళ్ల 'స్టికీ ఫింగర్స్' రికార్డు కవరు మీద ప్యాంటు ముందుభాగం ఫొటో. దానికి నిజం జిప్పు కుట్టించారు. ఆలోచన చిత్రకారుడు ఆండీ వార్హోల్‌ది. రికార్డులు దొంతర పెట్టి లారీల్లో పంపితే ఒకదాని జిప్పు ఇంకొకదాని పాటను నొక్కేసింది. చివరికేం చేశారు? పంపేముందే జిప్పు సగం దాకా కిందికి లాగిపెట్టారు. అప్పుడు దాని లోహపు ముక్క పాట ఉన్నచోట కాకుండా నడిమధ్య లేబుల్ మీదికి వస్తుంది. ఉపాయం బాగానే ఉందని నేను ఒప్పుకునేలోపు అమ్మ ముద్ద ఆపేసింది. "దేవుని ఊర్లె, అన్నం ముంగట, ప్యాంటు జిప్పుల ముచ్చట ఏందిరా?" వాడు ఓపిగ్గా, "అమ్మమ్మా, అది స్ట్రక్చరల్ ప్రాబ్లం" అన్నాడు.

వాడికి మా ఊరంటే ప్రాణం. భక్తి వల్ల అనుకుంటారు తెలియనివాళ్లు. 2022 మార్చి 28న కొత్త గుడి తెరిచినప్పుడు జనం నరసింహస్వామి దర్శనానికి తోసుకుంటుంటే, వీడు నల్లరాతి స్తంభాలు చూస్తూ నిలబడిపోయాడు. దానికి రూపురేఖలు దిద్దిన ఆనంద్ సాయి సినిమాల్లో ఆర్ట్ డైరెక్టర్ అని తెలిసినప్పట్నుంచి వాడికి స్వామి కూడా తమ శాఖ మనిషే. ఇక యాదగిరిగుట్ట యాదాద్రి కావడం, 2024లో ముఖ్యమంత్రి మళ్లీ యాదగిరిగుట్టే అనడం మాకు అడ్రసుల గందరగోళం గానీ వాడికి పండగ. ఒక పేరు మీద ఇంకో పేరు రాసి, పై రంగు పెచ్చులూడి రెండూ కనబడే షాపు బోర్డుల్ని వాడు ఫోనులో ఎన్ని తీశాడో! కొబ్బరికాయల కొట్టాయన ఒకరోజు వచ్చి, "మీ పిలగాడు మా బోర్డు కొలుస్తుండు, మున్సిపాలిటీల పని దొరికిందా?" అని భయంభయంగా అడిగాడు.

ఇంతకీ వాడు నన్ను పట్టుకోవడానికి కారణం ఉంది. గుట్ట కింద, వైకుంఠ ద్వారానికి దగ్గర్లో మాకు క్యాసెట్ల కొట్టు ఉండేది. దేవరకొండ నుంచో కల్వకుర్తి నుంచో వచ్చిన భక్తులు పాడిందెవరని అడిగేవారు కాదు. "గా ఎర్ర నర్సింలు క్యాసెట్ ఇయ్యి" అనేవారు. కంపెనీలెన్నో, స్వామి బొమ్మ దాదాపు అదే. ఒకరు ఎరుపు నేల, ఒకరు పసుపు నేల వేస్తే తేడా తెలిసేది. నాలుగంగుళాల ఇన్లే కార్డు ముక్కలో స్వామి, అమ్మవారు, గోపురం, గాయకుడి ఫొటో, సంగీతం చేసినాయన మీసం, అన్నీ పట్టాలి. పట్టేవి. ఎండ తగిలే ముందు వరస క్యాసెట్లలో మొదట ఎరుపూ పసుపూ ఎగిరిపోయి నీలం మిగిలేది. రెండు ఎండాకాలాలు చూసిన నరసింహుడు నీలమేఘశ్యాముడయ్యేవాడు. "గీ కిట్టయ్య ఎందుకు నోరు దెరిసిండు?" అని ఒకామె అడిగింది కూడా.

ఈ మాట నోరుజారి వాడి ముందు అన్నాను. అంతే, అటక మీది ట్రంకు దిగింది. మూత తీస్తే అందులో క్యాసెట్లు లేవు. టేపులు చిక్కుబడి, బూజుపట్టి ఎప్పుడో పోయాయి. ఇన్లే కార్డులు మాత్రం కంపెనీల వారీగా కట్టలు కట్టి, మధ్యలో వేపాకు పెట్టి, పురుగు పట్టకుండా భద్రంగా ఉన్నాయి. ఎవరు పెట్టారో నేను చెప్పక్కర్లేదు. మా అక్క ట్రంకును చూసి, కొడుకును చూసి, నన్ను చూసి, "గందుకే అంటరు మేనమామ పోలిక అని" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ నీలం నరసింహుడి నీలమే వాడి ఆల్బం రంగయింది. రంగు కుదిరింది, ఇక నేత కావాలన్నాడు. పోచంపల్లి పోయాడు. అక్కడ నూలును నేయకముందే చిటికి కట్టి రంగులద్దుతారు కదా, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు బిగిస్తారు. ఎవరైనా చీర చూసి మురుస్తారు. వీడు పనికిరాక పారేసిన రబ్బరు పట్టీలు సంచినిండా ఏరుకొచ్చాడు. పెట్టె మూతకు అవే కట్టాలట. పెట్టె అంచులన్నిటికీ నూలుపోగు చుట్టాలట, చేత్తోనే. చుట్టింది ఎవరు? మా అక్క.

ఆలేరు పక్క శారాజీపేటలో చింతకింది మల్లేశం, చీర నేసేముందు నూలును ఆసు పోయడానికి తల్లి తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో ఏడుస్తుంటే చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా తీశారు. అదే జిల్లాలో పుట్టిన మావాడు, సుఖంగా సీరియల్ చూసుకుంటున్న తల్లి చేతికి నూలుకండె, ఫెవికాల్ డబ్బా ఇచ్చి, "అమ్మా, టెన్షన్ ఒక్క తీరుగుండాలె" అన్నాడు. ఆమెకు ఎక్కడి టెన్షనో అర్థం కాలేదు గానీ వచ్చింది మాత్రం నిజం.

అచ్చుకోసం ఒక ప్రెస్సుకు నన్నూ లాక్కెళ్లాడు. ప్రెస్సాయన పెళ్లిపత్రికలు, మిఠాయి డబ్బాలు కొట్టి తల నెరిసినవాడు. "ఎన్ని పీసులు?" "ఒకటి అన్నా." ఆయన నావైపు చూశాడు. నేను క్యాలెండర్ వైపు చూశాను. "ఒక్కదానికి నాలుగు ప్లేట్లు ఎవడు పెడ్తడు తమ్మీ? డిజిటల్ కొట్టిస్తా. పెట్టెకు డై కావాలె. ప్లైవుడ్డుల బ్లేడు కూసబెట్టాలె, మడతకు క్రీజు వేరే." మావాడు రెండు నెలలు చెక్కిన పెట్టె నమూనా ముందు పెట్టి, మూత నాలుగు దిక్కులా పువ్వు విప్పినట్టు ఎట్లా తెరుచుకుంటుందో వివరించాడు. ప్రెస్సాయన అంతా విని, లోపలికి పోయి, దుమ్ము దులుపుకుంటూ ఒక పాత ప్లైవుడ్ పలక పట్టుకొచ్చి నమూనా మీద పెట్టాడు. నూలుపోగంత తేడా లేదు. "లడ్డూ డబ్బా డై. సీదా కూసున్నది, నీకు పైసలు మిగిలినయ్" అన్నాడు సంతోషంగా. దారంతా మావాడు నాతో మాట్లాడలేదు. నాకు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, గాలి హాయిగా ఉంది.

పరీక్షరోజు పోస్టర్ల గొట్టాలు మోసింది నేనే. తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల గజ్జె మోగితే మూత తీశారని తెలిసింది. బోనాల వాసన రావాలని పెట్టె లోపల పసుపు పూసి, అడుగున గజ్జె కట్టాడు. కాసేపటికి పరీక్షకులు టీకి బయటికొచ్చారు. అందరి వేళ్లూ పచ్చగా ఉన్నాయి. ఒకాయన తెల్లలాల్చీ జేబుకు ఐదువేళ్ల ముద్ర ఉంది. అంతా నవ్వుతున్నారు గనుక పాసయ్యాడనుకున్నాను.

పాసవడమేమిటి, తెగ మెచ్చుకున్నారట. ఎందుకో తెలిసి నాకు మతిపోయింది. రాహుల్ ఈ ఆల్బం పాడలేదు, కాబట్టి వెనక అట్ట మీద పాటల జాబితా లేదు. ఇంగ్లీషు డిజైనర్లు అట్లాంటి చోట అర్థంలేని లాటిన్ ముక్కలు నింపుతారట. వీడు గుట్ట బస్టాండు బోర్డు నింపాడు. మొదటి పాట రాయగిరి, రెండోది భువనగిరి, తర్వాత బీబీనగర్, ఘట్‌కేసర్, చివరి పాట ఉప్పల్. ఎదురుగా పాట నిడివి ఉండాల్సిన చోట బస్సుల టైములు. "పల్లె నుంచి పట్నానికి ఒక గాయకుడి ప్రయాణం, అద్భుతం" అన్నారట లోపల. రాహుల్ పుట్టి పెరిగింది హైదరాబాదులోనే, ఆయనకు రాయగిరిలో దిగే పనేముందని ఎవరికీ తోచలేదు. లోపలి పుస్తకంలో ఒక పుటనిండా అందమైన అక్షరాల్లో పాట సాహిత్యం. దగ్గరికి పట్టి చదివాను: భోజనం తర్వాత రెండు చెంచాలు, గోరువెచ్చని నీటితో, పిల్లలకు అందకుండా ఉంచాలి.

అయినా ఒకమాట చెప్పాలి. ఆ పెట్టె బాగుంది. రబ్బరు పట్టీ లాగితే మూత నాలుగు దిక్కులా విచ్చుకుని, గజ్జె ఒక్కసారే మోగి, ఎండకు వెలిసిన ఆ నీలం కనబడితే, అందులో ఏ పాటా లేదన్న సంగతి ఒక క్షణం గుర్తు రాదు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించేది మా అక్కే. నూలుపోగు చుట్టిన అంచు వైపే తిప్పి చూపిస్తుంది.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు వాడి చేతికిచ్చాను. వాడిమీదే కదా, కోపం వస్తుందేమోనని కాస్త దూరంగా కూర్చున్నాను. వాడు కాగితాన్ని చెయ్యి చాచి పట్టుకున్నాడు. తలకిందులు చేశాడు. ఒక కన్ను మూసి చూశాడు.

"మామా, రెండో పేజీల ఒత్తులు కింది లైనుకు తాకుతున్నయ్. లైన్ల నడుమ జర జాగ ఇయ్యమను."

"చదివినవారా?"

"దేన్ని?"